జైలు గోడల మధ్య న్యాయపీఠం

1930 మే 5న లాహోరులోని పూంచ్ హౌస్‌లో ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తులు కొలువుదీరారు. వారిది హైకోర్టు ధర్మాసనం కాదు, సెషన్స్ కోర్టూ కాదు. నాలుగు రోజుల ముందు వైస్రాయి ఇర్విన్ ఒక్క సంతకంతో సృష్టించిన ట్రిబ్యునల్ అది. దాని ఎదుట ఒకటే కేసు, దాని ఆయువు ఆరు నెలలు. దాని తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేదు. నిందితులు హాజరు కాకపోయినా విచారణ సాగించే అధికారం మాత్రం ఉంది. నిందితులు భగత్‌సింగ్, సుఖదేవ్, రాజ్‌గురు, వారి సహచరులు. అభియోగం సాండర్స్ హత్య, చక్రవర్తిపై యుద్ధం.

ఉగ్రవాద నేరం మోపబడిన వ్యక్తిని ఎక్కడ, ఎవరి ముందు, ఏ నిబంధనల కింద విచారించాలన్న వాదం ఈ ఉపఖండానికి 2001 సెప్టెంబరు తరువాత అమెరికా నుంచి దిగుమతి అయినది కాదు. గ్వాంటనామోలో సైనిక కమిషన్లు వెలియడానికి ఏడు దశాబ్దాల ముందే లాహోరులో ఆ ప్రశ్నలన్నీ లేచాయి. నాటి జవాబులలో కొన్ని నేటికీ మన చట్ట గ్రంథాల్లో కొత్త పేర్లతో నివసిస్తున్నాయి.

ఆ ట్రిబ్యునల్ ఎందుకు పుట్టిందో చూడాలి. కేసు 1929 జులైలోనే మేజిస్ట్రేటు ముందు మొదలైంది. రాజకీయ ఖైదీలకు మనుషులకు తగిన తిండి, చదువుకోవడానికి పుస్తకాలు ఇవ్వాలని నిందితులు నిరాహారదీక్ష చేపట్టారు. లేవలేని స్థితిలో ఉన్నవారిని కోర్టుకు తీసుకురావడం సాధ్యం కాలేదు. ముద్దాయి లేకుండా విచారణ జరగరాదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది కనుక ఆ కోడ్‌నే సవరించేందుకు ప్రభుత్వం సెప్టెంబరులో కేంద్ర శాసనసభకు బిల్లు తెచ్చింది. దానిని అందరికంటే పదునుగా ఎదిరించినవాడు మహమ్మద్ అలీ జిన్నా. భగత్‌సింగ్ చేసిన పనిని తాను సమర్థించడం లేదని చెబుతూనే, నోరు విప్పలేని మనిషి పరోక్షంలో సాగే తంతును విచారణ అని పిలవలేమని ఆయన వాదించాడు. సెప్టెంబరు 12న మొదలైన ఆ ప్రసంగం 14న కొనసాగింది. నడుమ, 13వ తేదీన, 63 రోజుల దీక్ష అనంతరం జతీన్ దాస్ లాహోరు జైలులో కన్నుమూశాడు.

ఆ బిల్లుకు సభ ఆమోదముద్ర దొరకలేదు. సభలో దొరకనిదాన్ని ఇర్విన్ ఆర్డినెన్సుతో సాధించుకున్నాడు. ప్రత్యేక న్యాయస్థానాల చరిత్రలో ఇది పదేపదే కనిపించే క్రమం. సాధారణ కోర్టులో అడ్డంకి ఎదురవుతుంది. ఆ అడ్డంకి తరచూ చట్టం నిందితుడికి ఇచ్చిన రక్షణే అయి ఉంటుంది. ప్రభుత్వం దానిని జాప్యం అని పిలుస్తుంది. ఆపై కొత్త కోర్టు వెలుస్తుంది.

ట్రిబ్యునల్‌లో జరిగింది కూడా గుర్తుంచుకోదగినదే. మే 12న నిందితులు నినాదాలు చేసి పాటలు పాడినందుకు అధ్యక్షుడు కోల్డ్‌స్ట్రీమ్ వారికి సంకెళ్లు వేయించాడు. పోలీసులు కోర్టు హాలులోనే వారిని చితకబాదారు. ముగ్గురిలో ఏకైక భారతీయుడు జస్టిస్ ఆగా హైదర్ ఆ ఉత్తర్వుతో తనకు సంబంధం లేదని రికార్డులో రాయించాడు. ప్రాసిక్యూషన్ సాక్షులను ఆయన స్వయంగా ప్రశ్నించసాగాడు కూడా. నిందితులు విచారణను బహిష్కరించిన కోర్టులో సాక్షిని నిలదీసే గొంతు అదొక్కటే. జూన్ 21న ట్రిబ్యునల్‌ను పునర్వ్యవస్థీకరించారు. కొత్త జాబితాలో ఆగా హైదర్ పేరు లేదు. అక్టోబరు 7న తీర్పు వచ్చింది. ముగ్గురికి ఉరి. ఆర్డినెన్సు గడువుకు ఇంకా మూడు వారాలు మిగిలి ఉంది. ప్రివీ కౌన్సిల్‌కు వెళ్తే, అత్యవసర పరిస్థితి ఉన్నదీ లేనిదీ నిర్ణయించేది గవర్నర్ జనరల్ ఒక్కరేనని, కోర్టులు అందులో తలదూర్చవని చెప్పి తోసిపుచ్చింది. 1931 మార్చి 23న ఉరి అమలైంది.

నిజానికి 1930 నాటి ట్రిబ్యునల్‌కూ ఒక పూర్వీకుడు ఉన్నాడు. 1915లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కింద గదర్ విప్లవకారులను విచారించిన ముగ్గురు కమిషనర్ల కోర్టు 24 మందికి మరణదండన విధించింది. అప్పీలు లేని ఆ తీర్పును చూసి వైస్రాయి హార్డింజే వెనుకాడి 17 మంది శిక్షను తగ్గించాడు. మిగిలిన ఏడుగురిలో కర్తార్‌సింగ్ సరాభా ఒకడు. అప్పీలు కోర్టు చేయవలసిన దిద్దుబాటు పాలకుడి దయాభిక్షగా మారిన సందర్భమది.

స్వతంత్ర భారతదేశం మొదటి పరీక్షలో మెరుగ్గానే నిలిచింది. గాంధీజీ హత్య కేసు కంటే పెద్ద ఉద్వేగం మరేదీ ఉండదు. 1948 మేలో ఎర్రకోటలో ఆత్మాచరణ్ ఏకసభ్య ప్రత్యేక న్యాయస్థానం కూర్చుంది. రెండున్నరేళ్ల ముందు ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులను బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారించినదీ ఆ కోటలోనే. కాని ఈసారి విచారణ బహిరంగం. పత్రికలు ప్రతి మాటా రాశాయి. సావర్కర్ సాక్ష్యం చాలక విడుదలయ్యాడు. శిక్ష పడినవారి అప్పీలును సిమ్లాలో తూర్పు పంజాబ్ హైకోర్టుకు చెందిన ముగ్గురు న్యాయమూర్తులు విని, మరో ఇద్దరిని విడిచిపెట్టారు. ప్రత్యేక న్యాయస్థానం అన్న పేరులోనే దోషం లేదని, దాని పైన మరో కోర్టు ఉన్నదా, దానిలోకి జనం కళ్లు చొరబడగలవా అన్నదే లెక్క అని ఆ కేసు చెబుతుంది.

రెండవ పరీక్ష రాజ్యాంగం వచ్చిన వెంటనే ఎదురైంది. 1949లో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోని జెసప్ కర్మాగారంపై సాయుధులు దాడి చేశారు. ఆ కేసును పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1950 నాటి తన ప్రత్యేక న్యాయస్థానాల చట్టం కింద విచారణకు పంపింది. ఏ కేసునైనా, ఏ తరగతి నేరాన్నైనా ఆ కోర్టుకు పంపే అధికారం ప్రభుత్వానిది. కారణం ఒక్కటే, సత్వర విచారణ. 1952 జనవరి 11న అన్వర్ అలీ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారం 14వ అధికరణకు విరుద్ధమని తేల్చింది. తొందరగా తేల్చాలన్న కోరిక వర్గీకరణ కాజాలదని మెజారిటీ అభిప్రాయం. ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి విభేదించారు. జస్టిస్ వివియన్ బోస్ మాత్రం వర్గీకరణ సూత్రాల లెక్కల్లో చిక్కుకోక, పక్షపాతం లేని వివేకవంతులు చూస్తే ఒక ప్రజాస్వామ్యంలో ఇది న్యాయంగా తోస్తుందా అని అడిగారు. ఇంత సూటి ప్రశ్నను ఆ తరువాత ఎక్కువమంది వేయలేదు.

అయితే ఆ విజయం ఆయువు కొద్ది వారాలే. ఫిబ్రవరిలోనే సౌరాష్ట్ర నుంచి వచ్చిన దాదాపు అటువంటి చట్టాన్నే 4–3 తేడాతో సుప్రీంకోర్టు సమర్థించింది. పీఠికలో ప్రజాభద్రత, శాంతి పరిరక్షణ అన్న మాటలు ఉండటం, ఏయే ప్రాంతాల్లో ఎటువంటి నేరాలు పెరిగాయో ప్రభుత్వం ప్రమాణపత్రంలో వివరించడం ఆ తేడాకు కారణం. శాసనాలు రాసేవారికి పాఠం అందింది. సత్వరం అనకండి, భద్రత అనండి. 1984 నాటి ఉగ్రవాద ప్రభావిత ప్రాంతాల ప్రత్యేక న్యాయస్థానాల చట్టం, మరుసటి ఏడాది వచ్చిన టాడా, ఆ పాఠాన్ని ఒంటబట్టించుకున్నాయి.

టాడా ప్రత్యేకత కోర్టు పేరులో లేదు. 1987 చట్టంలోని 15వ సెక్షన్‌లో ఉంది. ఎస్పీ, అంతకు పైస్థాయి పోలీసు అధికారి నమోదు చేసిన నేరాంగీకార వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందని అది చెప్పింది. 1872లో బ్రిటిష్ పాలకులు రాసిన సాక్ష్య చట్టం పోలీసుల ముందు చేసిన నేరాంగీకారాన్ని రుజువుగా స్వీకరించరాదన్నది. తమ సొంత పోలీసులను తెల్ల దొరలు అంతమాత్రం నమ్మలేదు. స్వతంత్ర పార్లమెంటు నమ్మింది. దానికి తోడు బెయిలు దాదాపు అసాధ్యం, మొదట్లో విచారణ తలుపులు మూసి, అప్పీలు హైకోర్టును దాటి నేరుగా సుప్రీంకోర్టుకు. 1994 మార్చిలో కర్తార్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఈ చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది. జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ ఆర్.ఎం.సహాయ్ 15వ సెక్షన్‌ను అంగీకరించలేదు. మెజారిటీ కొన్ని మార్గదర్శకాలతో సరిపెట్టింది. అప్పటికి దేశమంతటా ఆ చట్టం కింద అరెస్టయినవారు 70 వేలు దాటారు. శిక్ష పడినవారు అందులో అతి కొద్ది శాతం. పంజాబ్‌లో పుట్టిన చట్టం గుజరాత్ రైతుల మీద, మన తెలుగు నేల మీదా ప్రయోగమైంది. 1995 మేలో గడువు ముగిసి టాడా పోయింది. అందులో మొదలైన కేసులు మాత్రం పోలేదు.

రాజీవ్‌గాంధీ హత్య కేసు వాటిలో ఒకటి. పూనమల్లిలో పటిష్ఠమైన కాపలా నడుమ, జనానికీ పత్రికలకూ ప్రవేశం లేకుండా విచారణ సాగింది. 1998 జనవరి 28న న్యాయమూర్తి నిందితులు 26 మందికీ, ఒక్కరినీ మినహాయించకుండా, మరణశిక్ష విధించారు. 1999 మే 11న సుప్రీంకోర్టు వారిలో 19 మందిని హత్యాభియోగం నుంచి విముక్తులను చేసి, నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఖరారు చేసింది. అసలు ఇది టాడా నిర్వచించిన ఉగ్రవాద చర్యే కాదని కూడా తేల్చింది. టాడా నేరం లేనప్పుడు టాడా కింద పోలీసులు తీసుకున్న వాంగ్మూలాలు ఏమవుతాయి? చెల్లుతాయని కోర్టు చెప్పింది. చట్టం వర్తించలేదు, ఆ చట్టం ఇచ్చిన సాక్ష్యం మాత్రం వర్తించింది. ఆ సాక్ష్యం బలంతోనే ఉరి నిలబడింది. న్యాయశాస్త్రంలో దీనికి సమాధానం ఉంది. మామూలు మనిషి దాన్ని జీర్ణించుకోవడం కష్టం.

పోటా కాలం టాడాకు పునరావృతమే కనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్క అక్షరధామ్ కేసు చాలు. 2002 సెప్టెంబరు నాటి ఆ దాడి కేసులో పోటా కోర్టు, గుజరాత్ హైకోర్టు శిక్ష వేసిన ఆరుగురినీ 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. వారిలో ముగ్గురికి ఉరిశిక్ష పడి ఉంది. నేరాంగీకార వాంగ్మూలాలు నమ్మదగినవి కావన్నది, పోటా ప్రయోగానికి రాష్ట్ర హోంమంత్రిత్వ శాఖ ఇచ్చిన అనుమతిలో బుర్ర ఉపయోగించిన జాడ లేదన్నది ఆ తీర్పు సారం. అది లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన రోజు. వార్త లోపలి పేజీలకు పోయింది.

విచారణ జరిగే చోటు గురించి సుప్రీంకోర్టు స్పష్టంగా మాట్లాడిన సందర్భం ఇందిరాగాంధీ హత్య కేసు. తీహార్ జైలు లోపల జరిగిన విచారణ బహిరంగ విచారణ కాదని కేహర్‌సింగ్ తరఫు న్యాయవాదులు వాదించారు. జైలులో జరిగినంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని, వెళ్లదలచినవారికి, పత్రికలవారికి ప్రవేశం ఉంటే అది బహిరంగ న్యాయస్థానమేనని 1988 ఆగస్టులో తీర్పు వచ్చింది. అదే తీర్పులో బల్బీర్‌సింగ్‌ను నిర్దోషిగా వదిలారు. కాగితంపై సూత్రం సరైనదే. అయితే మూడు తనిఖీలు, ముందస్తు పాసు, కాపలాదారుడి చూపు దాటి జైలు కోర్టుకు వెళ్లే సామాన్యుడు ఎవరు? అక్కడ ప్రేక్షకుల బల్లలపై కనిపించేది పాత్రికేయులు, పోలీసులు, అప్పుడప్పుడు ముద్దాయి తల్లి.

ఇన్ని మచ్చల మధ్య అజ్మల్ కసబ్ విచారణను ప్రత్యేకంగా చూడాలి. 2008 నవంబరు 26న 166 మందిని బలిగొన్న దాడిలో ప్రాణాలతో చిక్కిన ఏకైక సాయుధుడు. తుపాకీతో ఉన్న ఛాయాచిత్రం ప్రపంచమంతా చూసింది. విచారణ ఎందుకు, బిర్యానీ ఎందుకు అన్న కేకలు టీవీలలో మోగుతున్న రోజులవి. బిర్యానీ మాట తానే పుట్టించానని ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ తరువాత ఒప్పుకున్నారు. ముంబయి మేజిస్ట్రేటు కోర్టుల న్యాయవాదుల సంఘం కసబ్ తరఫున ఎవరూ వాదించరాదని తీర్మానించింది. వకాల్తా తీసుకున్న మహిళా న్యాయవాది ఇంటిపై రాళ్లు పడ్డాయి. ఇటువంటి తీర్మానాలు రాజ్యాంగానికీ వృత్తిధర్మానికీ విరుద్ధమని, చెల్లవని సుప్రీంకోర్టు 2010 డిసెంబరులో వేరొక కేసులో చెప్పవలసి వచ్చింది.

అయినా విచారణ జరిగింది. ఆర్థర్ రోడ్ జైలులో ప్రత్యేకంగా కట్టిన దుర్భేద్యమైన గదిలో, 2009 ఏప్రిల్ నుంచి, న్యాయమూర్తి ఎం.ఎల్.తహలియానీ ముందు. 600 మందికి పైగా సాక్షుల మాటలు రికార్డుకెక్కాయి. 2010 మే 6న ఉరిశిక్ష. అదే తీర్పులో, దాడికి పటాలు గీసి ఇచ్చారన్న అభియోగంపై కసబ్‌తో పాటు బోనులో నిలిచిన ఇద్దరు భారతీయులు విడుదలయ్యారు. హైకోర్టు, సుప్రీంకోర్టు ఆ విడుదలను ఖాయం చేశాయి. ఆ వాతావరణంలో ఆ ఇద్దరిని సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. సుప్రీంకోర్టులో కసబ్ తరఫున రాజు రామచంద్రన్ కోర్టు సహాయకుడిగా వాదించారు. మొదటి రిమాండు నాడే న్యాయవాది అందలేదన్న ఆయన వాదనను జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం ధర్మాసనం కొట్టిపారేయలేదు. నిందితుడిని తొలిసారి తన ముందుకు తెచ్చినప్పుడే న్యాయవాది హక్కు గురించి చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యత అని 2012 ఆగస్టు 29 తీర్పులో శాసించింది. ఈ కేసులో దానివల్ల నష్టం జరగలేదంటూ శిక్షను ఖరారు చేసింది. నేడు ఏ చిల్లర దొంగతనం కేసులోనైనా రిమాండు నాడు న్యాయవాదిని అడిగే ముద్దాయి కసబ్ పేరున వెలువడిన సూత్రాన్నే వాడుకుంటున్నాడు.

సరిహద్దుకు అవతల అదే నేరానికి జరిగిన విచారణ వేరే కథ. రావల్పిండిలోని అడియాలా జైలులో లఖ్వీ, మరికొందరిపై ఉగ్రవాద వ్యతిరేక న్యాయస్థానం కూర్చుంది. ఆ కేసు చూస్తున్న ప్రాసిక్యూటర్ చౌధరి జుల్ఫికర్ అలీని 2013 మేలో ఇస్లామాబాద్‌లో కాల్చి చంపారు. 2012లో ముంబయి వచ్చిన పాకిస్థాన్ న్యాయ కమిషన్‌కు సాక్షులను అడ్డ ప్రశ్నలు వేసే వీలు ఇవ్వనందున ఆ వాంగ్మూలాలు అక్కడ చెల్లలేదు. మరుసటి ఏడాది కమిషన్ మళ్లీ రావలసి వచ్చింది. ఆ జాప్యంలో మన వాటా కూడా ఉందని ఇక్కడ ఎవరూ గుర్తుచేసుకోరు. 2014 డిసెంబరు 16న పెషావర్ సైనిక పాఠశాలలో 140 మందికి పైగా బలయ్యారు. రెండు రోజులకే లఖ్వీకి బెయిలు వచ్చింది.

పెషావర్ తరువాత పాకిస్థాన్ పార్లమెంటు 21వ రాజ్యాంగ సవరణతో పౌరులను విచారించే అధికారం సైనిక న్యాయస్థానాలకు ఇచ్చింది. కరాచీలో 1998లో పెట్టిన అటువంటి కోర్టులను 1999 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ముక్తకంఠంతో కొట్టివేసింది. 2015 ఆగస్టులో అదే కోర్టు 11–6 తేడాతో తలొగ్గింది. రెండేళ్లకని తెచ్చినవి 2019 దాకా నడిచాయి. 2018 అక్టోబరులో పెషావర్ హైకోర్టు 70కి పైగా శిక్షలను రద్దు చేసింది. ఉరి అమలయ్యాక ఏ హైకోర్టూ చేయగలిగింది ఏమీ లేదు. 2023 మే 9 అల్లర్ల నిందితులను సైతం సైనిక న్యాయస్థానాలకు పంపవచ్చని 2025 మేలో అక్కడి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆమోదించింది. ఉగ్రవాదం కోసం తెరిచిన తలుపులోంచి రాజకీయ ప్రత్యర్థులు నడిచి వెళ్లారు.

2008 డిసెంబరులో మన పార్లమెంటు ఎన్ఐఏ చట్టం తెచ్చి, ఉపా చట్టాన్ని సవరించినప్పుడు, కనీసం పోలీసు వాంగ్మూలం నిబంధనను తిరిగి తేలేదు. అప్పీలును హైకోర్టు ద్విసభ్య ధర్మాసనానికి అప్పగించింది. బెయిలు తలుపు మాత్రం గట్టిగా మూసింది. శిక్ష విధించనవసరం లేకుండానే ఏళ్ల తరబడి జైలులో ఉంచగల ఏర్పాటు అది.

హైదరాబాద్ ఈ ఏర్పాటు రెండు ముఖాలనూ చూసింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో 18 మంది చనిపోయిన కేసును చర్లపల్లి జైలు ఆవరణలో ఎన్ఐఏ కోర్టు విచారించి, 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువీకరించింది. ఇక 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు. మొదట పాతబస్తీ యువకులను పట్టుకెళ్లారు. వారు నిర్దోషులని తేలాక రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది. దర్యాప్తు మరో దిక్కుకు మళ్లి, స్వామి అసీమానంద సహా ఐదుగురు బోనులో నిలిచారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు వారినీ విడుదల చేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆ రోజే రాజీనామా పంపారు. మసీదులో ప్రార్థనకు వెళ్లి చనిపోయినవారి కుటుంబాలకు హంతకులెవరో ఏ కోర్టూ ఇంతవరకు చెప్పలేదు.

ముంబయి లోకల్ రైళ్లలో 2006 జులై 11న 180 మందికి పైగా మరణించిన కేసులోనూ పరిస్థితి అదే. టాడా నుంచి పోలీసు వాంగ్మూల నిబంధనను అరువు తెచ్చుకున్న మహారాష్ట్ర మకోకా చట్టం కింద ప్రత్యేక కోర్టు 2015లో 12 మందికి శిక్ష వేసింది. ఐదుగురికి ఉరి. 2025 జులై 21న బాంబే హైకోర్టు ఆ వాంగ్మూలాలను, గుర్తింపు సాక్ష్యాలను నమ్మలేమని చెప్పి 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో ఒకరు అప్పటికే జైలులో చనిపోయారు. మహారాష్ట్ర ప్రభుత్వం హుటాహుటిన ఢిల్లీకి పరుగెత్తింది. విడుదలైనవారిని తిరిగి జైలుకు పంపనక్కరలేదని, అయితే ఈ తీర్పును ఇతర మకోకా కేసులలో ప్రమాణంగా చూపరాదని జులై 24న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.